తమరి మెయిలు తమరిదేనా?

జాలరిపేట,
విశాఖపట్నం.

పడవల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నూకాలు పడవకు నిలిపివేసిన వేట అనుమతి తిరిగి ఇప్పించుట, తమ కార్యాలయపు మెయిళ్లను గుర్తుపట్టే వీలు కల్పించుట గురించి.

1. నేను ఇక్కడి పడవల సంఘానికి రోజువారీ లెక్కలు రాస్తాను. బడిచదువు తక్కువ. సంఘం వారికి వచ్చే మెయిళ్లు చదివి చెప్పడం కూడా నా పనే.

2. నిరుడు బ్యాంకు పేరుతో వచ్చిన మెయిలు నమ్మి మా పేటలో రాణి అనే ఆమె పాస్‌వర్డ్ ఇచ్చి మోసపోయింది. అప్పుడు అందరినీ కూర్చోబెట్టి దొంగ మెయిలు గుర్తులు చెప్పాను. అందులో మన పేరుండదు. ఒక్క రోజులో ఖాతా మూసేస్తామని బెదిరింపు ఉంటుంది. లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇమ్మంటుంది. పైన ఆఫీసు పేరుంటుంది, కింద అడ్రసు మరెవరిదో ఉంటుంది. "ఇంతేనేటన్నా? సేప పైకి మెరిసినా మొప్ప ఎత్తి సూత్తాం కదేటి!" అని మా సంఘంలో పడవ ఉన్న నూకాలు నవ్వింది. అడ్రసు చూడడాన్ని అప్పటినుంచి పేటలో మొప్ప ఎత్తడం అంటున్నారు.

3. మార్చిలో "ఖాతా ధ్రువీకరించుకోండి" అని తమ కార్యాలయం పేరుతో మెయిలు వచ్చింది. పై గుర్తులన్నీ ఉన్నాయి. అడ్రసు ఏదో ప్రైవేటు కంపెనీది. నూకాలు మొప్ప ఎత్తి, నాకు చూపించి, తుడిచేసింది. నేను మెచ్చుకున్నాను.

4. అది తమరు పంపించినదేనట. ఖాతా ధ్రువీకరించలేదని, వేట నిషేధం ముగిశాక ఆమెకు అనుమతి రాలేదు. నా మాట వినక లింకు నొక్కిన వారి పడవలన్నీ సముద్రం మీద ఉన్నాయి. విన్న నూకాలు పడవ ఇసుకలో ఉంది. ఆమె భర్త సింహాద్రి వేరేవాళ్ల పడవలో కూలికి పోతున్నాడు. "నీ తెలివికో దండం బావా. దొంగోడూ రాలేదు, సేపా రాలేదు" అన్నాడు.

5. తమ కౌంటరులో అడిగితే "మెయిల్లో ఉంది, సూసుకోవయ్యా" అన్నారు.

కావున అనుమతి ఇప్పించి, ఇకమీదట మెయిలులో యజమాని పేరు, పడవ నంబరు రాసి, లింకు లేకుండా కౌంటరుకే రమ్మనవలెనని ప్రార్థన. తమరు చిత్తగించి జవాబు నోటితో చెప్పించవలెను. మెయిలు పంపవద్దు.

విధేయుడు,
గురునాథరావు

తా.క.: నిన్న "ఆగిన ఖాతా తెరవడానికి ఇక్కడ నొక్కండి" అని ఇంకొకటి వచ్చింది. అడ్రసు మళ్లీ కొత్తది. తమరిదో కాదో నేను చెప్పలేకపోయాను. "నొక్కీమీ అన్నా. దొంగోడైతే అయినాడు, పడవ నీట్లోకి దిగితే సాలు" అంది నూకాలు. వద్దన్నాను. ఈ కాగితం తెచ్చినది ఆమే. ఫోను ఆమె చేతిలోనే ఉంది. తమరు చెప్పేదాకా నొక్కనని మాట ఇచ్చింది. దయచేసి ఆమెను ఎక్కువసేపు నిలబెట్టవద్దు.