బావ అలక, కారు తలుపు

అక్కా,

ఇక్కడ నేనూ, నా పళ్ళ ఆసుపత్రీ కులాసా. అక్కడ నువ్వూ, పిల్లలూ, నాతో మాట్లాడని బావా కులాసా అనుకుంటాను.

బావ నాకిచ్చిన పాత కారులో డ్రైవరు పక్క సీటు తలుపు మొండికేసింది. అద్దం లోపలికి జారిపోయి పైకి రానంటోంది. లోపలి హ్యాండిల్ ఎంత లాగినా తలుపు తెరుచుకోదు. మా పక్కనున్న మందుల షాపావిడ గురించి ఇదివరకు రాశానుగా, నాలాగే పెళ్ళి మాటెత్తితే వాయిదా వేసే మనిషి. మొన్న వానలో ఆవిడ్ని ఇంటి దగ్గర దింపాను. వానంతా ఆవిడ మీదే కురిసింది. నేను దిగి పరిగెత్తుకొచ్చేలోపే ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు తీసుకుంది. "అద్దం లేకపోవడమే మంచిదైందండీ, లేకపోతే మీ కార్లోనే కాపురం ఉండేదాన్ని" అంది.

అక్కా, కాపురం అంది!

వానలు తెరిపిచ్చాక ఓ ఆదివారం ఊరి బయట తోట దాకా తీసుకెళ్తానని మాటిచ్చేశాను. ఈలోగా తలుపు లోపలి అట్ట ఊడదీసి బాగు చేయాలి. ఎలాగో బావని అడిగి రాయి. నలుగురి ముందూ ఆ కారుని డొక్కు అన్నందుకు ఆయన ఇంకా అలక మీదే ఉన్నాడా?

నీ తమ్ముడు

తా.క.: నేను అడిగానని చెప్పకు. కారే అడిగిందని చెప్పు.

*

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "ఆ పళ్ళ డాక్టరుతో నాకు మాటల్లేవు. కారు మొహం చూసి చెప్తాను, రాసుకో" అన్నారు. ఆయన వడ్రంగిని పెట్టి స్నానాలగది తలుపు బాగు చేయిస్తున్నారు. అక్కణ్ణుంచే కేకలేసి చెప్తుంటే, వంటింట్లో పొయ్యి చూసుకుంటూ రాస్తున్నాను. అక్షరం పొల్లుపోలేదు.

అద్దం తిప్పే హ్యాండిల్ వెనక చిన్న ఇనప క్లిప్పు ఉంటుందట. హ్యాండిల్‌కీ అట్టకీ మధ్య పాత గుడ్డ దూర్చి, బూట్లు తుడిచినట్టు అటూ ఇటూ లాగితే టప్పున ఊడొస్తుందట. చెయ్యి ఆనించుకునే దిమ్మ కింద స్క్రూలున్నాయి, విప్పమన్నారు. అట్ట అంచుల వెంబడి కూడా క్లిప్పులుంటాయి. వెడల్పాటి రేకు సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చి మెల్లగా ఎత్తాలి. విసురుగా లాగితే అట్ట చిరుగుతుందట.

తర్వాత మడతబందులు విప్పి, తలుపు మొత్తం ఊడదీసి గోడకి ఆనించాలి. నీళ్ళకి అడుగు ఉబ్బింది కాబట్టి ఓ వేలెడు చిత్రిక పట్టాలట.

నీ అక్క

తా.క.: చివర్లో "గొళ్ళెం బాగా పైకి బిగించు, పిల్లలకి అందకూడదు" అన్నారు. మీ మందులావిడ మరీ అంత పొట్టా?

*

అక్కా,

చెప్పింది చెప్పినట్టు చేశాను. గుడ్డ లాగగానే క్లిప్పు ఎగిరి ఎటో పోయింది. వరండాలో నోరు తెరుచుకుని చూస్తున్న పేషెంటు నోట్లో కూడా వెతికాను. క్లిప్పు దొరకలేదు గానీ, పుచ్చిపన్ను ఒకటి దొరికింది. అట్ట చుట్టూ ఉన్న క్లిప్పులు మాత్రం ఒక్కటీ విరక్కుండా తీశాను. అలవాటు కొద్దీ ఒక్కోదానికీ "నొప్పి లేదు కదా?" అన్నాను. పక్కనున్న మందులావిడ నవ్వాపుకోలేకపోయింది.

తలుపు ఊడదీసేసరికి మాత్రం చుక్కలు కనిపించాయి. ఆవిడ ఓ చివర, నేనో చివర పట్టుకుని మోసుకొచ్చాం. ఇప్పుడది నా పేషెంట్లు కూర్చునే గదిలో గోడకి ఆనించి ఉంది. "ఇక్కడ పళ్ళు కాక ఇంకా ఏమేం పీకుతారు?" అని అడుగుతున్నారు.

కానీ అక్కా, ఇనప తలుపుకి చిత్రిక ఎలా పట్టేది? ఇక్కడి వడ్రంగిని అడిగితే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. బావని మళ్ళీ అడుగు. ఆదివారం దగ్గరపడుతోంది. తలుపు లేని కార్లో ఆవిడ్ని ఎలా కూర్చోబెట్టను?

నీ తమ్ముడు

తా.క.: నీ ఉత్తరం ఆవిడా చదివింది. గొళ్ళెం ఎంత పైన బిగించినా తనకి అందుతుందని రాయమంది.

*

ఒరేయ్ తమ్ముడూ,

కొంప మునిగింది. నీ ఉత్తరం చదువుతుంటే మీ బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నా కారుకి చిత్రిక పట్టమన్నావా?"

"మీరేగా కేకేశారు!"

"అది వడ్రంగితో అన్నానే!"

నాకేం తెలుసురా? నాకూ వడ్రంగికీ ఒకే గొంతుతో కేకలేస్తిరి, రెండూ తలుపులే. పెట్టెలో పనిముట్లు సర్దుకుని అప్పటికప్పుడు బస్సెక్కేశారు. నీ కోసం కాదట, తలుపు కోసమట. నువ్వు పలకరిస్తే వెనక్కి వచ్చేస్తానన్నారు. దయచేసి నోరు మూసుకుని ఉండు.

నీ అక్క

తా.క.: ఆయన లేరని వడ్రంగి పని ఆపేశాడు. స్నానాలగదికి తలుపు లేదు. లోపలున్నట్టు తెలియడానికి అందరం పాటలు పాడుతూ స్నానం చేస్తున్నాం. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

*

అక్కా,

బావ వచ్చాడు. నావైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా తలుపు దగ్గరికెళ్ళి, జ్వరమొచ్చిన పిల్లని నిమిరినట్టు నిమిరాడు.

నేను పక్కనే ఉన్నా మందులావిడతోనే అన్నాడు: "ఆ చివర పట్టుకోమని ఆయనకి చెప్పండి."

"ఆ చివర పట్టుకోమంటున్నారండీ" అంది ఆవిడ.

"పట్టుకున్నానని చెప్పండి" అన్నాను నేను.

పనంతా ఇలాగే సాగింది. అద్దం దాని పట్టులోంచి జారిపోయిందట, లోపలి హ్యాండిల్ కడ్డీ ఊడిపోయిందట. అంతే. రెండూ సరిచేసి, తలుపు బిగించి, అట్ట పెట్టి అరచేత్తో చుట్టూ తట్టాడు. కొత్త క్లిప్పు కూడా తనే తెచ్చాడు. ఇప్పుడు అద్దం వెన్నలా పైకొస్తోంది.

తర్వాత "కూర్చోండమ్మా, ఓసారి చూసొద్దాం" అని ఆవిడ్ని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నన్ను గేటు దగ్గరే వదిలేశారు. ఎంతకీ రారు. మళ్ళీ ఏం ఊడిందోనని వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను.

చివరికి వచ్చారు. ఆవిడ నావైపు చూడకుండా తల వంచుకుని షాపులోకి వెళ్ళిపోయింది. బావ సరాసరి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదక్కా: "నీ తరఫున పెళ్ళి మాట నేనే అడిగేశాను. సరేనంది. నీకేమన్నా అభ్యంతరమా?"

నువ్వు నోరు మూసుకోమన్నావుగా, అద్దం హ్యాండిల్ తిప్పుతూ నిలబడ్డాను. బావ షాపు వైపు తిరిగి కేకేశాడు:

"అమ్మా! ఈయన నాతో మాట్లాడట్లేదు. ఊ అన్నాడో ఉహూ అన్నాడో కాస్త అడిగి చెప్పండి!"

నీ తమ్ముడు

తా.క.: ఊ అన్నాను.