అక్షరాల మీద అరచెయ్యి

కురయోషి,
జూన్ నెల

ప్రియమైన రిత్సుకోకి,

వానలు మొదలయ్యాయి. పుల్లటి ఉమె కాయలు ఉప్పులో ఊరుతున్నాయి. నా మోకాళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి. ఉత్తరం మొదట్లో వాతావరణం రాయాలన్న మర్యాద తీరింది కాబట్టి విషయానికొస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మనవరాలు నాజునా ఏప్రిల్లో ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి ఒక్క వాక్యం కూడా పైకి చదవలేదని రాశావు. చదవమంటే పెదవులు బిగించి కూర్చుంటోందట. వాళ్ళ టీచరు ఇనోకుమా గారు నిన్ను పిలిపించి, తరగతి మొత్తంలో ఇలాంటి పిల్ల ఇదొక్కతే అన్నారట. ఆవిడది చిన్న వయసేమో. ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ, 'ఇలాంటిది ఇదొక్కతే' అనిపించని పిల్ల నాకు ఒక్కతీ తగల్లేదు.

యోకొహామాలో మీ ఇద్దరి ఉద్యోగాల మూలాన నాలుగేళ్ళు దాన్ని నా దగ్గరే ఉంచారు కదా. ఆ నాలుగేళ్ళూ అది కథలు తిని బతికింది. అన్నం కూడా పెట్టాను, కంగారుపడకు. కథంటే అంత ప్రాణం పెట్టే పిల్లకి పుస్తకమంటే ఈ బెదురేమిటో నాకూ అంతుపట్టడం లేదు. కొన్ని బొమ్మల పుస్తకాలు పంపిస్తున్నాను. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద పెద్ద అక్షరాలు. పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. ఆ పని షూహేకి మాత్రం అప్పజెప్పకు. నా కొడుకే గానీ, వాడు కథ చదివితే కరెంటు బిల్లు చదివినట్టుంటుంది.

ఇట్లు,
మోకాళ్ళతో పోట్లాటలో ఉన్న మీ అత్తయ్య
ఫుమియె

*

యోకొహామా,
జూన్ నెలాఖరు

ప్రియమైన అత్తయ్య గారికి,

నమస్కారాలు. పుస్తకాలు అందాయి. గొడుగు పోగొట్టుకున్న కప్ప పుస్తకాన్ని చూసి నాజునా గంతులేసింది. నా ప్రాణం లేచొచ్చింది. తీరా పేజీ తెరవగానే అక్షరాల మీద అరచెయ్యి పెట్టేసింది!

"చెయ్యి తియ్యమ్మా" అన్నాను.

"నువ్వు చెప్పు. నేను బొమ్మ చూస్తా."

చెయ్యి పట్టుకుని తీసేస్తే కళ్ళు గట్టిగా మూసుకుంది. ప్రతి పుస్తకానికీ ఇదే తంతు. కంటి డాక్టరు కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. పోనీ అక్షరాలు రావా అంటే, బోర్డు మీద ఏ అక్షరం రాసినా టక్కున చెబుతుందట. కథ దగ్గరికి వచ్చేసరికే ఈ వేషం.

జూలైలో తల్లిదండ్రులు తరగతికి వచ్చి పాఠం చూసే రోజుంది. పిల్లలందరూ తమకిష్టమైన పుస్తకంలోంచి ఒక్కో పేజీ చదవాలి. ఆ రోజు కూడా చదవకపోతే వేసవి సెలవుల తర్వాత దాన్ని వేరే గదిలో, వేరే టీచరు దగ్గర కూర్చోబెడతారట. ఆ మాట అది ఎలా వినేసిందో, రాత్రి అన్నం తింటూ అడిగింది: "ఆ గదికి మియో కూడా వస్తుందా అమ్మా?" మియో దీనికున్న ఒక్కగానొక్క స్నేహితురాలు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా సరే. నాలుగేళ్ళలో దానికి వందల కథలు చెప్పారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, దాని చేత చదివించలేకపోయారా? బొమ్మలు చూపిస్తున్నంతకాలం ఇది అక్షరాల జోలికి పోదని పుస్తకాలన్నీ బీరువా మీదికి ఎక్కించేశాను. బొమ్మల్లేని అభ్యాస పుస్తకం కొని చేతిలో పెట్టాను. చూసి, "ఇది చెప్పేవాళ్ళదమ్మా, నాది కాదు" అని తిరిగి నాకే ఇచ్చేసింది.

ఏం చెయ్యాలో తోచడం లేదు.

మీ కోడలు
రిత్సుకో

*

కురయోషి,
ఆదివారం

ప్రియమైన కోపిష్ఠి కోడలికి,

ఈసారి వాతావరణం లేదు, తీరిక లేదు.

నీ కోపం భద్రంగా అందింది. సగం న్యాయమే. మిగతా సగం గురించి మనం కలిసినప్పుడు పోట్లాడుకుందాం. 'ఇది చెప్పేవాళ్ళది' అన్న మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. నిన్నటికి దిగింది.

శనివారాలు మా ముందుగదిలో వీధి పిల్లలకి బొమ్మల అట్టలతో కథ చెబుతానని నీకు తెలుసు. నువ్వెప్పుడూ చూడలేదు. మా ఊరు వచ్చేది కొత్త సంవత్సరానికి, అదీ రాగానే రైలు టైము చూసుకుంటావు. బల్ల మీద చెక్క చట్రం ఉంటుంది. అందులో అట్టలు పెట్టి ఒక్కొక్కటీ పక్కకి లాగుతూ చెబుతాను. బొమ్మ పిల్లల వైపు. అక్షరాలు అట్ట వీపు మీద, నా వైపు. నిన్న ఈ వీధికి కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి మధ్యలో లేచి, చట్రం వెనక్కి వచ్చి, నా భుజం మీంచి తొంగిచూసింది. ఇక చూసుకో!

"ఏయ్, వెనక్కి పోకూడదు!"

"అక్షరాలు చూసేస్తోంది, దొంగ!"

"బామ్మగారూ, అది ముందే చూసేసింది! దానికి బిస్కట్టు ఇవ్వకండి!"

ఇంటి కప్పు లేచిపోయిందనుకో. ఈ వీధి పిల్లల శిక్షాస్మృతిలో ఇంతకు మించిన నేరం లేదు. అక్షరాలు వెనక నిలబడేవాళ్ళ సొత్తు. వాటిని తొంగిచూసినవాళ్ళు అందరి కథా పాడుచేసినవాళ్ళు.

నేను అట్ట చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అమ్మాయ్, ఆ చట్రం పక్కన ఆ నాలుగేళ్ళూ కాపలా కాసింది ఎవరనుకున్నావు? మన నాజునా. వెనక్కి రాబోయినవాళ్ళని చొక్కా పట్టుకుని లాగేసేది. అలాంటి పిల్లకి మీరు బొమ్మా అక్షరాలూ ఒకే పేజీలో పరిచి చూడమంటున్నారు. పాపం అది పరులసొమ్ము ముట్టనని చెయ్యి అడ్డం పెడుతోంది. మీరు మొండితనం అంటున్నారు.

ఆ నియమం తప్పని మాత్రం దానికి చెప్పకు. ఆరేళ్ళ పిల్ల నమ్మకాన్ని పెకలించడం ప్రధానమంత్రి వల్ల కూడా కాదు. దానికి ప్రమోషన్ ఇద్దాం. చట్రమూ అట్టలూ పార్సిల్ వేయించాను. రాగానే నువ్వు ముందు కూర్చో. నేటి నుంచి వెనక నిలబడే అధికారం దానికి ఇచ్చానని నా మాటగా చెప్పు. ఆపైన నోరు మూసుకో. అది మనిద్దరికీ కష్టమైన విద్యే, తెలుసు.

ఇట్లు,
వచ్చే శనివారం పిల్లలకి ఏం ముఖం చూపించాలో తెలియని
మీ అత్తయ్య ఫుమియె

*

యోకొహామా,
జూలై నెల

ప్రియమైన అత్తయ్య గారికి,

ఆగలేక గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి.

చట్రం వచ్చిన సాయంత్రం మీరు చెప్పినట్టే చాప మీద కూర్చున్నాను. ఆయన టై కూడా విప్పకుండా వచ్చి నా పక్కన కూర్చున్నారు. నాజునాకి మీ మాట చెప్పాను.

"నానమ్మే అందా? నిజంగా?"

"నిజంగా."

లేచి, గౌను దులుపుకుని, వెనక్కి వెళ్ళింది. నేను నోరు తెరవబోతే ఆయన నా చెయ్యి గిల్లారు. అప్పుడు వచ్చిందండీ గొంతు. ఒక్కో అక్షరం తడుముకుంటూ, తర్వాత మాట, తర్వాత వాక్యం. చివరి అట్ట దాకా చదివింది! నేను ఏడుస్తుంటే చట్రం మీంచి తొంగిచూసి, "ఇది నవ్వొచ్చే కథమ్మా" అని కసిరింది.

బీరువా మీంచి పుస్తకాలు దింపాను. పుస్తకానికి వెనకవైపు ఉండదు కదా, ఏం చేస్తుందా అని చూశాను. దాని దారి అదే వెతుక్కుంది. పుస్తకం తెరిచి మా వైపు తిప్పి పట్టుకుని, పైనుంచి వంగి, అక్షరాలు తలకిందులుగా చదవడం మొదలుపెట్టింది.

ఇక నిన్నటి సంగతి. తరగతి గదిలో వెనకవైపు తల్లిదండ్రులమంతా నిలబడ్డాం. దీని వంతు వచ్చింది. "నాజునా, నీ చోట్లోనే కూర్చుని నెమ్మదిగా చదువమ్మా" అన్నారు ఇనోకుమా గారు, మంచికే. దీని అరచెయ్యి మళ్ళీ పేజీ మీదికి పోయింది. పిల్లలు గుసగుసలాడారు.

అది లేచి నిలబడింది.

"టీచరు గారూ, మీరు ఇక్కడ కూర్చోండి. నేను అక్కడికి వస్తాను."

పిల్లలు ఘొల్లుమన్నారు. ఇనోకుమా గారు దాని ముఖంలోకి ఓసారి చూశారు. అంత పొడుగు మనిషి, వచ్చి ఆ బుల్లి కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు! ఇది ముందుకి వెళ్ళి, కప్ప పుస్తకం మా వైపు తిప్పి పట్టుకుని, గొంతు సవరించుకుంది.

"వెనకవాళ్ళకి బొమ్మ కనపడదు. ముందుకొచ్చి కూర్చోండి."

సూట్లవాళ్ళూ పట్టు కిమోనోలవాళ్ళూ వచ్చి నేల మీద కూర్చున్నారు అత్తయ్య గారూ. "గొడుగూ గొడుగూ, ఎక్కడున్నావ్?" అని కప్ప అరిచిన ప్రతిసారీ తరగతంతా దీంతోపాటు అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది మియో. ఒక్క పేజీ చదవమన్నారు, పుస్తకం మొత్తం చదివేసింది. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

"వేరే గది మాట మర్చిపోండి" అన్నారు ఇనోకుమా గారు నాతో. "రోజూ ఉదయం తరగతికి ఒక పుస్తకం నాజునాయే చదువుతుంది. పుస్తకం తిన్నగా పెట్టుకుని చదవడం కూడా మెల్లగా నేర్పుతాను. తొందరేం లేదు."

నాలుగేళ్ళూ ఏం నేర్పారని అడిగాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీ కోడలు
రిత్సుకో

*

కురయోషి,
ఆగస్టు నెల

ప్రియమైన రిత్సుకోకి,

ఎండలు మాడ్చేస్తున్నాయి. నీ కూతురు క్షేమం. పుచ్చకాయ ముక్కలు లెక్కలేకుండా లాగిస్తోంది.

సెలవులకని అది చట్రంతో సహా రైలు దిగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నిన్న శనివారం, పిల్లలంతా చేరాక, అలవాటుగా చట్రం వెనక్కి వెళ్ళబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నానమ్మా, నువ్వు ముందు."

ముందే కూర్చున్నాను, మూతి దాకా ముక్కు కారే రౌడీలిద్దరి మధ్య. కొండ మీది రాక్షసుడి కథ. ఆ బొమ్మలు నాకు తెలియనివి కావు. కానీ చట్రం వెనకనుంచి వేరేవాళ్ళ గొంతు వినపడుతుండగా వాటిని చూడడం నా డెబ్బై ఏళ్ళ బతుకులో ఇదే మొదలు. రాక్షసుడి కొండ మీద మంచు అంత తెల్లగా ఉంటుందని నాకు ఒక్క వెధవా చెప్పలేదు.

తడబడకుండా చదివింది. గర్వంగా ఉందని రాయను, నువ్వు ఊహించుకో. సగం కథ అయ్యాక ఒక వాక్యం వినపడింది. రాక్షసుడు కొండ దిగి, తలుపు తట్టి, చలికి వణుకుతూ లోపలికి రానిమ్మన్నాడు. ఆ వాక్యం ఏ అట్ట వీపు మీదా లేదు. ఆ కథ నాకు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలిగినంత వచ్చు. దిద్దుదామని లేచాను.

లేచాక తెలిసింది, తర్వాత ఏమవుతుందో నాకు తెలియదని.

కూర్చుండిపోయాను.

ఇట్లు,
ముందు వరసలోంచి,
మీ అత్తయ్య ఫుమియె