సిపాయి అమోస్ లవెల్ ఎర్రకోటు

చాథమ్ పట్టణంలో బట్టలుతికి బతికిన కెజయా లవెల్ అనే నేను, సిపాయి అమోస్ లవెల్ భార్యను, ఒంట్లో సత్తువ పోయినా బుద్ధి చెక్కుచెదరలేదని ప్రకటిస్తూ, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న మరణశాసనం. ఇంతకుముందు ఇలాంటిది రాయలేదు. రాసేంత ఆస్తీ లేదు. దీన్ని అమలుపరచే బాధ్యత చెప్పులు కుట్టే సైలస్ రెన్‌ది.

1. ఇస్త్రీపెట్టెలు రెండూ పొరుగింటి మార్తా టల్‌కు చెందుతాయి. ఇరవయ్యేళ్లు నన్ను ఆడిపోసుకుంది. నేను మంచాన పడితే జావ కాచి తెచ్చిందీ ఆమే.

2. గోడమీది అచ్చుబొమ్మ ఎవరికీ చెందదు. సైలస్ దాన్ని పొయ్యిలో వేయాలి. చిత్రకారుడు సెప్టిమస్ హార్కోర్ట్ గారు వేసిన ఆ ‘ఇంటికొచ్చిన సిపాయి’ దేశంలో సగం ఇళ్లలో వేలాడుతోంది. ఒకటి తగ్గితే కొంపలేం మునగవు. అందులో సిపాయి కాళ్లదగ్గర కూర్చున్నది నేను. ఒళ్లో పాప నా కూతురు ఏడా.

నిజానికి నా భర్త తిరిగి రాలేదు. పటాలం క్రిమియా యుద్ధానికి కదిలేటప్పుడు వెంట వెళ్లే భార్యలెవరో తేల్చడానికి టోపీలో చీటీలు వేశారు. నాకు ‘వెళ్లకూడదు’ వచ్చింది. ఆయన ఒక్క తూటా తగలకుండా కలరాతో పోయాడు.

ఆయన ఇంట్లో వదిలివెళ్లిన పాత కోటును హార్కోర్ట్ గారు అరువడిగారు. చేపలమ్మే డాబ్స్‌కు తొడిగి, నా కళ్లముందే కోటు ఎడమ చేతిని కత్తిరించి, గాయానికని గుడ్డ చుట్టారు. మా ఆయనది కలరా కదండీ అన్నాను.

“కలరాని గోడకెవరు తగిలించుకుంటారమ్మా? గాయమైతే చూడ్డానికి బాగుంటుంది” అన్నారు.

బొమ్మకు కూర్చున్నందుకు ఆ పూట కూలి తీసుకుని ఇంటికొచ్చాను. ఆ సిగ్గు నాదే.

3. కత్తిరించిన కోటు చెయ్యి హార్కోర్ట్ గారి వారసులే ఉంచుకోవచ్చు. కుంచెలు తుడిచే గుడ్డగా ఎప్పుడో వాడేసి ఉంటారు. వాళ్లకు నేనిచ్చే వాటా అంతే.

4. మిగిలిన కోటు, దాని జేబులోని ‘వెళ్లకూడదు’ చీటీ నా కూతురు ఏడాకు.

ఏడా, ఇది నీ ముఖాన చెప్పలేకపోయాను. ప్రతి ఆదివారం చర్చికి వెళుతూ ఆ గోడబొమ్మ చూసి ‘వెళ్లొస్తా నాన్నా’ అని నువ్వు చెప్పింది చేపల డాబ్స్‌కు. ఇప్పుడు నీ కొడుకుతోనూ చెప్పిస్తున్నావు. నీకో తండ్రి ముఖం ఉంటే చాలని నోరు మూసుకున్నాను. మీ నాన్నకు బొమ్మే లేదు. ఏడేళ్లప్పుడు నువ్వు బొమ్మ చూసి, “నాన్న కోటు నాన్నకే పొట్టయిందేమే అమ్మా?” అన్నావు. లాగి చెంపమీద ఒక్కటిచ్చాను. అడగాల్సిన మాటే అడిగావు, తల్లీ.

మీ నాన్న చిన్న మనిషి, నీలాగే. ఆ కోటు కుడిచేతిలో నీ చెయ్యి పెట్టి చూడు. సరిగ్గా మణికట్టు దగ్గర ఆగుతుంది.

1881 ఫిబ్రవరి 9, చాథమ్.

కెజయా లవెల్, ఆమె గుర్తు: X

సాక్షులు:
జోసయా పెటిట్, రొట్టెల దుకాణం
హన్నా క్రౌచ్, మంత్రసాని