అక్క పంపిన చిన్న ఫ్యాను

ముత్తుకూరులో ఇంజన్లు బాగుచేసే మా వినీలక్కకు తమ్ముడు రాసేది.

పడవ కింద తిరిగే ఫ్యాను ఎంత పెద్దదైతే అంత వేగమని నీతో గొడవపడ్డాను. "వలలు, ఐసు, మనుషుల్ని ఎక్కించి చూడరా" అన్నావు. నేను పెద్ద ఫ్యానే బిగించి, ఖాళీ పడవతో పందెం గెలిచి విర్రవీగాను. పోయిన వారం వేటకు పోతుంటే, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో ఆ బరువుకి ఇంజన్ మూలిగి ఆగిపోయింది. ఎలా ఒడ్డుకొచ్చామో అడక్కు.

నిన్న నువ్వు పంపిన చిన్న ఫ్యాను బిగించాను. అంతే బరువు, అదే మొగ. ఇంటి కప్పంత అల లేచింది. అక్కా, మన పడవ మెట్లెక్కినట్టు ఎక్కేసింది! ఇంజన్ గొంతు ఒక్కసారైనా బొంగురుపోలేదు.

మొగ దాటేదాకా పడవ అంచు వదలని మస్తానయ్య మామ, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"గంగమ్మకా మామా?" అన్నాను.

"గంగమ్మకు రోజూ పెడతానే ఉండాను గదరా. ఇది మీ అక్కకు."