గంగాళంలో మల్లె

హనుమకొండ

అమ్మా,

ఇక్కడ మేమంతా బాగున్నాం, బెంగపెట్టుకోకు. ఫోన్లో చెబితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మ గది దాటలేదని నీకు తెలుసు కదా. మొన్న అటక మీది ఇత్తడి గంగాళం దించి, చింతపండుతో తోమి, అడుగున గులకరాళ్లు పరిచి, నా మల్లె కుండీని అందులో పెట్టాను. వాకిట్లో ఎండ ఆ ఇత్తడికి తగలగానే గోడంతా నీళ్లలా వెలుగు కదిలింది. కలలో ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

"గంగాళంల మన్ను పోసినవా బిడ్డా?" వెనకాల అత్తమ్మ! గడప దాటి వచ్చింది.

"లేదత్తమ్మా, కుండీనే లోపట పెట్టిన. వద్దంటే తీస్త" అన్నాను భయంగా.

ఆమె వంగి గంగాళం అంచు తడిమింది. "మీ మామకు తానం నీళ్లు గిండ్లనే కాగవెట్టేదాన్ని. తియ్యకు, ఉండనియ్యి" అని, ఆ వెలుగులోనే పొద్దుగూకేదాకా నా పక్కన కూర్చుంది.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? మిర్చి ఏరడం అయిందా? తమ్ముడు నెక్కొండలో రైలెక్కి ఇటు వస్తే కనకాంబరం నారు పంపు, తడిగుడ్డ చుట్టి.

ఇది రాస్తుంటే అత్తమ్మ వాకిట్లోంచి అంటోంది: "మల్లె పూసేటాళ్లకు మీ అమ్మను ఓపాలి రమ్మను. మాట్లాడబుద్ధయితాంది."

నాన్నకు దండాలు.

నీ బిడ్డ,
యమున