గౌరి పాత ఫోటో

నాయినా,

మన పుంగనూరు ఆవు గౌరి నిన్న ఈనింది. పెయ్యదూడ. నువ్వు పోయినాక దానికి ఇదే మొదటి ఈత.

కుప్పం నుంచి ఒకాయన దూడను కొంటానని ఫోన్ చేసి, "తల్లి ఫోటో పంపమ్మా, ఎంత పొట్టిదో సూడాల" అన్నాడు. ఆవు పొట్టిగా కనపడాలని నువ్వు నన్నే పక్కన నిలబెట్టేవాడివి. నా పొడుగు ఈ ఊర్లో పనికొచ్చింది ఆ ఒక్కదానికే. ఇప్పుడు నేను నిలబడితే ఫోటో తీసేదానికి ఎవురూ లేరు. అందుకని నీ కెమెరా కార్డు మదనపల్లిలో ఫోన్ అంగట్లో ఇచ్చి, పాత ఫోటోలన్నీ నా కొత్త ఫోన్లోకి ఎక్కించుకొచ్చినాను.

"ఎండ నా ఈపు మీద పడాల" అని పట్టుబట్టేవాడివి కదా. ప్రతి ఫోటోలోనూ నీ నీడ, తలగుడ్డతో సహా, నా కాళ్ల కాడ పడుండాది. "నీడ పడతాండాది నాయినా" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఈ ఫోన్ దాన్ని తనంతట తానే కనిపెట్టింది. ఫోటో తెరవంగానే నీడ చుట్టూ గీత గీసి, తీసేయాలా అని అడిగింది. వద్దని నొక్కి, అట్లే పంపినాను.

ఆయన సూసి, మళ్లీ ఫోన్ చేసినాడు. "ఆవు బాగుండాది. ముందర ఆ నీడ ఎవరిదమ్మా?"

"మా నాయినది. ఫోటో తీస్తాండాడు" అన్నాను.