బుధవారం కాల్‌లో నువ్వు కూడా

మార్కూ, ముందు ఒకటి ఒప్పుకోవాలి. బుధవారం సాయంత్రాలు తలుపేసుకుని నేను మాట్లాడేది ఆఫీసు వాళ్లతో కాదు. మనం దగ్గరైనప్పుడు నాకొచ్చే నొప్పికి ఆన్‌లైన్‌లో థెరపీ తీసుకుంటున్నా. వైజాగ్ డాక్టరమ్మ చూస్తోంది. ఇది చాలామందికి ఉండేదే, తగ్గుతుంది అంది.

సిత్రా రిఫైనరీలో డ్యూటీ దిగి రాగానే పప్పుచారు వేడి చేసుకో. ఏసీ రిపేరు భాయ్ వస్తాడు, నిద్రపోకు.

మొన్న శుక్రవారం ఫెలోషిప్‌లో సుందరి ఆంటీ మళ్లీ మనకి పిల్లలు పుట్టాలని ప్రార్థన చేయించింది. నువ్వు ఆమెన్ అనేసి, నావైపు చూడకుండా చెప్పులు వెతుక్కున్నావు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు కదా, పైన దేవుడి ఆఫీసులో మన అర్జీ తప్పు డిపార్ట్‌మెంట్‌లో పడి ఉంటుంది.

నన్ను బాధపెట్టకూడదని నువ్వు హాల్లో పడుకుంటున్నావు. నువ్వంటే ఇష్టం లేక ముడుచుకుపోతున్నానని అనుకుంటున్నావేమోనని నాకు భయం. అది కాదు. ఈ బుధవారం నిన్ను కూడా పక్కన కూర్చోమంది డాక్టరమ్మ. ప్రస్తుతానికి హోంవర్కు చేతులు పట్టుకోవడం వరకేనట. వస్తావా?

హెప్సీ

ఇంకొకటి. ఇన్నాళ్లూ నీకెలా ఉందో నేను అడగనేలేదు. ఈ కాగితం వెనక ఖాళీ ఉంది, రాసిపెట్టు. నోటితో చెప్పడం రాకేగా నేనూ రాస్తున్నా.